స్టార్టప్ సదస్సులో ఎత్తిన చేతులు ప్లేస్‌మెంట్ నాటికి ఎందుకు దిగిపోతాయి?

మేడం, చదివేవాళ్ల కోసం మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. మీ ఇంజినీరింగ్ కాలేజీలో స్టార్టప్ కార్యక్రమాల బాధ్యత మీకు అప్పగించారు. ఏటా సదస్సులు, ఐడియా పోటీలు పెడుతున్నారు. మూడో ఏడాది పిల్లలను "భవిష్యత్తులో సొంతంగా వ్యాపారం పెడతారా?" అని అడిగితే సగానికి పైగా చేతులెత్తారు. నాలుగో ఏడాది ప్లేస్‌మెంట్లు మొదలయ్యేసరికి ఒక్కరూ మిగల్లేదు. సొంతంగా ఏదైనా పెట్టాలన్న ఉద్దేశం విద్యార్థికి దేనివల్ల కలుగుతుంది, కాలేజీ దాన్ని పెంచగలదా, దీని మీద ప్రశ్నావళి వేస్తే ఏం అడగాలి అన్నవి మీ సందేహాలు.

నేను చాలా ఏళ్లుగా మేనేజ్‌మెంట్ పాఠాలు చెబుతున్నాను, మధ్యలో కొంతకాలం కొత్త సంస్థలకు చోటు, సలహా ఇచ్చే ఒక ఇంక్యుబేషన్ కేంద్రం బాధ్యతలు చూశాను. జవాబు ముందే చెప్పేస్తాను. విద్యార్థి ఉద్దేశాన్ని ముఖ్యంగా మూడు విషయాలు నిర్ణయిస్తాయి: ఆ పని మీద ఇష్టం, తనవాళ్లు ఏమంటారన్న లెక్క, అది తన వల్ల అవుతుందన్న నమ్మకం. మన కాలేజీలు శ్రమంతా మొదటిదాని మీద పెడతాయి. అది పిల్లల్లో ఇప్పటికే దండిగా ఉంది. కొరత మూడోదానికి. రెండోది మనం అనుకునే దారిలో కాక వేరే దారిలో వచ్చి దెబ్బకొడుతుంది. ఇక మీ సర్వేలో చేతులెత్తినవాళ్లు అబద్ధమేమీ చెప్పలేదు. ఎప్పుడు పెడతారని మీరు అడగలేదు, వాళ్లు చెప్పలేదు.

ఈ మూడింటి వర్గీకరణ నాది కాదు. మనస్తత్వ శాస్త్రవేత్త ఐసెక్ అజెన్ 1991లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలోని 'థియరీ ఆఫ్ ప్లాన్డ్ బిహేవియర్' ఇదే. పేరు పెద్దదిగానీ లోపల ఉన్నవి నాకు ఇష్టమా, నావాళ్లు ఒప్పుకుంటారా, నేను చేయగలనా అన్న మూడు ప్రశ్నలే. అంతకు ముందే, 1982లో, ఆల్బర్ట్ షాపెరో, లిసా సోకోల్ ఇంకో కోణం చూపించారు. మనిషి తన దారిన తాను పోతూ ఉంటాడు, ఏదో ఒక కుదుపు వచ్చేదాకా దారి మార్చుకోడు అన్నారు వాళ్లు. ఉద్యోగం పోవడం, ఊరు మారడం, చదువు ముగియడం, అనుకోని అవకాశం తగలడం, ఇవన్నీ కుదుపులే. 2022 బ్యాచ్‌లో ఆఫర్ లెటర్ చేతికొచ్చి, చేరే తేదీ మాత్రం నెలల తరబడి రాని ఇంజినీర్లు చాలామంది ఉన్నారు. నాకు తెలిసిన పిల్లల్లో ఏదో ఒకటి స్వయంగా మొదలుపెట్టిన వాళ్లు ఆ బ్యాచ్‌లోనే ఎక్కువ. వాళ్లకు ఏ సదస్సులోనూ స్ఫూర్తి కలగలేదు. ఖాళీ దొరికింది, ఇంట్లో కూర్చుంటే నలుగురూ అడిగే ప్రశ్నలు భరించలేకపోయారు, అంతే.

అజెన్ చెప్పిన ఈ మూడు ప్రశ్నల నమూనాకు హద్దులూ ఉన్నాయి. రకరకాల ప్రవర్తనల మీద వచ్చిన 185 అధ్యయనాలను ఆర్మిటేజ్, కోనర్ అనే పరిశోధకులు 2001లో కలిపి చూశారు. మనుషుల ఉద్దేశాల్లో కనిపించే తేడాల్లో 39 శాతాన్నీ, చేతల్లోని తేడాల్లో 27 శాతాన్నీ ఈ నమూనా వివరించగలిగింది. సామాజిక శాస్త్రాల్లో ఇది గొప్ప ఫలితమే. కానీ చేతల దగ్గరకొచ్చేసరికి మిగతా 73 శాతం బయటే ఉండిపోయింది. అది దాటి ప్లేస్‌మెంట్ రోజుదాకా నిలబడే ఉద్దేశాలు ఎన్ని ఉంటాయో మీరే ఊహించండి.

ఇప్పుడు ఇంటి సంగతి. మన దగ్గర ఎవరిని అడిగినా "తల్లిదండ్రులే అడ్డం" అంటారు. విచిత్రమేమిటంటే పరిశోధనల్లో ఈ అంశం తరచుగా బలహీనంగా తేలుతుంది. క్రూగర్ బృందం 2000లో అమెరికా విద్యార్థుల మీద చేసిన అధ్యయనంలో, అయినవాళ్ల అభిప్రాయానికి ఉద్దేశంతో చెప్పుకోదగ్గ సంబంధం కనిపించలేదు. స్పెయిన్, తైవాన్ విద్యార్థుల మీద లిన్యాన్, చెన్ 2009లో ప్రచురించిన అధ్యయనం చిక్కుముడిని కొంత విప్పింది. అయినవాళ్ల అభిప్రాయం నేరుగా ఉద్దేశం మీద పనిచేయదు, ముందు ఇష్టాన్నీ నమ్మకాన్నీ మారుస్తుంది, వాటి ద్వారా ఉద్దేశాన్ని తాకుతుంది అని వాళ్లు చూపించారు.

మన ఇళ్లలో ఇది ఎలా జరుగుతుందో మీకు తెలియనిది కాదు. "వద్దు" అని తండ్రి దాదాపుగా అనడు. "పెట్టుకో నాన్నా, ఎవరు కాదన్నారు, ముందు రెండేళ్లు ఉద్యోగం చెయ్యి" అంటాడు. తల్లి "అక్క పెళ్లి అయిపోనీ" అంటుంది. మేనమామ "నీకు బేరాలాడటం వచ్చా? కొట్టుకు పంపితే చిల్లర లెక్కపెట్టుకోకుండా వచ్చేవాడివి" అని నవ్వుతాడు. అందులో నిషేధం ఒక్కటీ లేదు. కానీ భోజనాల దగ్గర ఆ మాటలు విన్న పిల్లవాడికి రాత్రికి రాత్రే "నా వల్ల అవుతుందా?" అన్న అనుమానం మొలుస్తుంది. ప్రశ్నావళిలో "మీ తల్లిదండ్రులు మీ నిర్ణయాన్ని సమర్థిస్తారా?" అని అడిగితే నిజాయితీగానే "సమర్థిస్తారు" అని టిక్ పెడతాడు.

మన కుటుంబాల గురించి ఇంకో మాట చెప్పాలి, ఎందుకంటే బయటి పుస్తకాల్లో ఇది దొరకదు. "మనవాళ్లకు రిస్క్ తీసుకునే గుణం లేదు" అని సదస్సుల్లో వక్తలు తేలిగ్గా తిట్టిపోతుంటారు. ఆ హాల్లో కూర్చున్న పిల్లల్లో కౌలు రైతుల బిడ్డలు ఉంటారు. మిర్చి ధర పడిపోతే ఏమవుతుందో, తెల్లదోమ వస్తే పత్తి ఏమవుతుందో, వడ్డీ వ్యాపారి ఎప్పుడు వచ్చి అరుగు మీద కూర్చుంటాడో చూస్తూ పెరిగినవాళ్లు. రిస్క్ అంటే ఏమిటో వక్తకంటే వాళ్లకే బాగా తెలుసు. దాన్నుంచి బయటపడటానికే ఆ ఇల్లు అప్పు చేసి పిల్లవాణ్ని కాలేజీకి పంపింది. ఆ కుర్రవాడికి నెల జీతం అంటే పిరికితనం కింద లెక్క కాదు, ఇంటిల్లిపాదీ నాలుగేళ్లు ఎదురుచూసిన ఫలితం. విద్యారుణం ఉంటే సాధారణంగా కోర్సు పూర్తయ్యాక ఏడాదికల్లా వాయిదాలు మొదలవుతాయి. ఆ ఏడాదిలో మీ స్టార్టప్ ఆదాయం కళ్లజూస్తుందా? ఇక పెళ్లి సంబంధాల సంగతి సరేసరి. "అబ్బాయి ఏం చేస్తున్నాడు?" అన్న ప్రశ్నకు "కంపెనీ పెట్టాడు" అన్న జవాబు ఎంత బరువు తూగుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

కాబట్టి తల్లిదండ్రులను "మార్చడం" మీద సమయం వృథా చేయకండి. వాళ్ల లెక్క వాళ్లకు సరైనదే.

మార్చగలిగింది మూడోదాన్ని, నమ్మకాన్ని. తన సామర్థ్యం మీద మనిషికి నమ్మకం ఎలా ఏర్పడుతుందన్న దానిపై ఆల్బర్ట్ బండూరా 1977 నుంచి రాసినవే ఇప్పటికీ ఆధారం. ఆయన నాలుగు మార్గాలు చెప్పాడు. స్వయంగా చేసి గెలవడం, తనలాంటివాడు చేస్తుంటే చూడటం, ఎవరైనా "నువ్వు చేయగలవు" అని చెప్పడం, ఆ పని తలచుకున్నప్పుడు ఒంట్లో కలిగే భయం లేదా ఉత్సాహం. వీటిలో బలమైనది మొదటిది. మాటలతో కలిగించే నమ్మకం తేలిగ్గా వచ్చి తేలిగ్గా పోతుంది. మన సదస్సులన్నీ ఆ మాటల కోవలోవే. ఒడ్డున కూర్చోబెట్టి ఈత గొప్పదనం గురించి ఉపన్యసించడమే ఇది, పైగా చివర్లో వక్తకు శాలువా, జ్ఞాపిక, ఫొటో. కాలేజీల్లో కేంద్ర విద్యాశాఖ ఏర్పాటు చేయించిన ఇన్నొవేషన్ కౌన్సిళ్లు 2018లో మొదలయ్యాయి. క్యాలెండర్ ప్రకారం కార్యక్రమాలు జరిపి, నివేదిక పంపితే స్టార్ రేటింగ్ వస్తుంది. ఆ ఏర్పాటును తప్పుపట్టడం లేదు. కానీ ఫొటో తీయడానికి వీలైన కార్యక్రమాలే పెరిగాయి. పిల్లవాడు మొదటిసారి ఒక అపరిచితుడి దగ్గర డబ్బు తీసుకుని సరుకు ఇచ్చిన క్షణాన్ని ఎవరు ఫొటో తీస్తారు?

ఒక ఉదాహరణ చెబుతాను. రెండో ఏడాది సివిల్ చదివే కుర్రవాడు హాస్టల్లో ల్యాబ్ రికార్డులు, ప్రాజెక్టు రిపోర్టులు ప్రింటు తీయించి, స్పైరల్ బైండింగ్ చేయించి ఇచ్చే పని పెట్టుకున్నాడు. కాలేజీ గేటు దగ్గరి జిరాక్స్ షాపులో పేజీకి ఎంతో, బస్టాండు పక్క షాపులో ఎక్కువ పేజీలు ఇస్తే ఎంతో కనుక్కున్నాడు. పగలంతా ఫోనుకు ఫైళ్లు తెప్పించుకుని, సాయంత్రం బస్సులో వెళ్లి, రాత్రి భోజనాల వేళకు కట్టలు పట్టుకుని గదులకు తిరిగేవాడు. మొదటి నెలలో లాభమంతా స్నేహితుల "రేపు ఇస్తాలేరా"లో కరిగిపోయింది. రెండో నెలలో ముందు డబ్బు పంపితేనే ఫైలు తీసుకుంటానన్నాడు. కొందరు అలిగారు, చాలామంది పంపారు. ప్రాజెక్టు సమర్పణ వారం రాగానే షాపు యజమాని పేజీకి రేటు పెంచాడు. కుర్రవాడు ఇంకో షాపుతో మాట్లాడి, పాత యజమానికి ఆ సంగతి వినబడేలా చేశాడు. రేటు దిగింది. ధర నిర్ణయించడం, అప్పు వసూలు, సీజను, సరఫరాదారుడితో బేరం అన్నవి నేను తరగతిలో ఒక సెమిస్టరు పాటు చెప్పే అంశాలు. అతను అవన్నీ హాస్టల్ వరండాలో నేర్చుకున్నాడు. మీ ఐడియా పోటీకి అతను రాడు, ఎందుకంటే అక్కడ కృత్రిమ మేధ, డ్రోన్లు ఉంటేనే బహుమతి. అతని దగ్గర ఉన్నది స్పైరల్ బైండింగే.

మీ కాలేజీలోనూ ఇలాంటివాళ్లు ఉంటారు. హాస్టల్ వార్డెన్‌ను అడగండి, పేర్లు చెబుతాడు.

చదువు వల్ల ఉద్దేశం పెరుగుతుందా అన్న మీ రెండో ప్రశ్నకు ఫలితాలు కాస్త ఇబ్బందికరంగా ఉన్నాయి. బే బృందం 2014లో 73 అధ్యయనాలను కలిపి చూస్తే, కోర్సులకూ ఉద్దేశానికీ సంబంధం ఉంది కానీ చిన్నది. నెదర్లాండ్స్‌లో ఒక వృత్తి విద్యా కళాశాలకు రెండు ఊళ్లలో శాఖలున్నాయి. విద్యార్థులు ఏడాది పాటు చిన్న కంపెనీ నడిపే కార్యక్రమాన్ని ఒక శాఖలోనే పెట్టి, రెండో శాఖతో పోల్చారు. ఊస్టర్‌బీక్, ఆయన సహచరులు 2010లో ప్రచురించిన ఫలితం ప్రకారం, నైపుణ్యాల మీద చెప్పుకోదగ్గ ప్రభావం కనబడలేదు, వ్యాపారం పెట్టాలన్న ఉద్దేశం తగ్గింది కూడా. అదే ఏడాది జర్మనీలోని మ్యూనిక్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన అధ్యయనంలో, తప్పనిసరి కోర్సు తరవాత సగటు ఉద్దేశం పడిపోయింది. కానీ అక్కడి పరిశోధకులు గమనించిన విషయం ఒకటుంది. విద్యార్థులకు తాము ఈ పనికి తగుదుమో కాదో మునుపటికంటే స్పష్టంగా తెలిసింది. ఊగిసలాడుతున్నవాళ్లు ఏదో ఒక వైపుకు వెళ్లారు.

దీనికి తోడు హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో తరగతి విభాగాల మీద జోష్ లెర్నర్, ఉల్రికే మాల్మెండియర్ చేసిన అధ్యయనం (2013) చూడండి. అప్పటికే వ్యాపారం చేసి వచ్చిన సహాధ్యాయులు ఎక్కువగా ఉన్న సెక్షన్లలో, చదువు అయ్యాక కంపెనీలు పెట్టినవాళ్లు తక్కువ. ఎందుకంటే అనుభవం ఉన్న తోటివాళ్లు పస లేని ఆలోచనలను అక్కడికక్కడే తుంచేశారు. తగ్గినవి చాలావరకు విఫలమయ్యే కంపెనీలే.

కాబట్టి మీ యాజమాన్యం "కోర్సు పెట్టాక సర్వేలో శాతం తగ్గిందేమిటి?" అని అడిగితే కంగారు పడకండి. పేలాల్లా పొంగిన శాతంకంటే తగ్గిన శాతమే కొన్నిసార్లు మంచి బోధనకు గుర్తు. ఈ మాట ప్రిన్సిపాల్‌కు ముందుగానే, లిఖితపూర్వకంగా చెప్పి ఉంచండి. తరవాత చెబితే సాకులా వినిపిస్తుంది.

ఇక్కడ కాకినాడ ప్రయోగం ప్రస్తావించకుండా ఉండలేను. ప్రపంచమంతా ఉదహరించే అధ్యయనం మన గడ్డ మీద జరిగింది, మన కాలేజీల్లో చెప్పేవాళ్లు తక్కువ. హార్వర్డ్ మనస్తత్వవేత్త డేవిడ్ మెక్‌క్లెలాండ్ 1960ల్లో కాకినాడ వ్యాపారులను హైదరాబాద్ యూసుఫ్‌గూడలోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు రప్పించి కొద్ది రోజుల శిక్షణ ఇప్పించాడు. అప్పట్లో దాన్ని సియెట్ అనేవారు, ఇప్పుడది ఎన్ఐ-ఎంఎస్ఎంఈ. సాధించాలన్న తపనను శిక్షణతో పెంచవచ్చా అన్నది ఆయన పరీక్షించిన విషయం. లక్ష్యాలు పెట్టుకోవడం, వాటిని కథలుగా రాయడం, తమ పనితీరును తామే బేరీజు వేసుకోవడం వంటివి చేయించారు. తరవాత వాళ్ల వ్యాపారాలను శిక్షణ పొందనివాళ్లతో, రాజమండ్రి వంటి పోల్చదగిన ఊళ్ల వ్యాపారులతో పోల్చి చూశారు. శిక్షణ పొందినవాళ్లు కొత్త వ్యాపారాలు మొదలుపెట్టడంలో, పెట్టుబడి పెట్టడంలో, పనివాళ్లను పెంచడంలో చురుగ్గా ఉన్నారని తేలింది. డేవిడ్ వింటర్‌తో కలిసి 1969లో ఆ ఫలితాలను పుస్తకంగా తెచ్చాడు.

దీన్ని చూపించి "చూశారా, ప్రేరణ తరగతులు పనిచేస్తాయి" అనేవాళ్లున్నారు. ఒక్క తేడా మరిచిపోతారు. వాళ్లు విద్యార్థులు కారు, అప్పటికే దుకాణాలు, మిల్లులు నడుపుతున్న వ్యాపారులు. పైగా తమ వ్యాపారంలో నిర్ణయాధికారం చేతిలో ఉన్నవాళ్లలోనే ఫలితం బాగా కనిపించింది. హైదరాబాద్‌లో కలిగిన ఉత్సాహాన్ని కాకినాడలో బస్సు దిగగానే ఖర్చుపెట్టే చోటు వాళ్లకుంది. మీ విద్యార్థికి సదస్సు అయ్యాక ఏముంది? హాస్టల్, మెస్, మర్నాడు ఇంటర్నల్ పరీక్ష. ఉత్సాహాన్ని వెంటనే వాడుకునే చోటు చూపించలేకపోతే శిక్షణ ఇవ్వకపోవడమే మేలు.

ఇక పిల్లలకు ఆదర్శంగా చూపించే వ్యక్తుల విషయం. మన పోస్టర్ల మీద చదువు మధ్యలో మానేసిన అమెరికా కుర్రాళ్ల బొమ్మలే కనిపిస్తాయి. పిల్లలకు దానివల్ల అందే సందేశం ఏమిటంటే, ఇరవై ఏళ్లకే పెట్టాలి, లేకపోతే అయిపోయింది అని. ఇది వాస్తవానికి దూరం. అమెరికాలో అత్యంత వేగంగా ఎదిగిన కొత్త సంస్థల వ్యవస్థాపకులు వాటిని మొదలుపెట్టేనాటికి సగటున 45 ఏళ్లవాళ్లని అజులే, ఆయన సహ పరిశోధకుల అధ్యయనం చూపించింది. అంత దూరం వెళ్లనక్కర్లేదు. అంజిరెడ్డి గారు హైదరాబాద్‌లోని ప్రభుత్వ రంగ ఐడీపీఎల్‌లో ఉద్యోగం చేసి, ఆ తరవాత వేరే మందుల కంపెనీల్లో భాగస్వామిగా పని నేర్చుకుని, 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. హైదరాబాద్ బల్క్ డ్రగ్ పరిశ్రమలో ఐడీపీఎల్ జీతాల మీద పని నేర్చుకుని బయటికొచ్చినవాళ్లు ఎందరో. రెడ్‌బస్ ఫణీంద్ర సామ బెంగళూరులో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఉద్యోగి. దీపావళికి ఇంటికి వెళ్లడానికి బస్సు టికెట్ దొరక్క, ఆ చిక్కు గురించి ఆలోచించి 2006లో మిత్రులతో కలిసి సంస్థ పెట్టారు. స్కైరూట్ పెట్టిన పవన్ కుమార్ చందన, నాగభరత్ డాకా ఇస్రోలో పనిచేసి 2018లో బయటికొచ్చారు, 2022 నవంబరులో వాళ్ల విక్రమ్-ఎస్ శ్రీహరికోట నుంచి ఎగిరింది. వీళ్లలో ఎవరినైనా చదువు చివరి ఏడాదిలో మీరు సర్వే చేసి ఉంటే, ఉద్యోగానికి వెళ్లినవాళ్ల లెక్కలో పడేవాళ్లు.

స్విట్జర్లాండ్‌లోని సెయింట్ గాలెన్ విశ్వవిద్యాలయం 2003లో మొదలుపెట్టిన గెస్ అనే అంతర్జాతీయ విద్యార్థి సర్వేలో ఈ ధోరణి మళ్లీ మళ్లీ కనిపిస్తుంది: చదువు కాగానే ఉద్యోగం, ఐదేళ్ల తరవాత సొంత సంస్థ. అంటే "రెండేళ్లు ఉద్యోగం చెయ్యి" అన్న ఆ తండ్రి మాట అంత వెర్రిదేమీ కాదు. చిక్కల్లా ఆ రెండేళ్లు పదేళ్లయ్యి, ఫ్లాటు ఈఎంఐ వచ్చి చేరడంలో ఉంది. అందుకే పిల్లలకు "ఉద్యోగం వద్దు" అని చెప్పడం మాని, ఏ ఉద్యోగంలో చేరితే పని నేర్చుకోవచ్చో చెప్పండి. పెద్ద కంపెనీలో ప్రాజెక్టు ఏదీ లేకుండా బెంచి మీద కూర్చునేవాడికంటే, ముప్పై మంది ఉన్న సంస్థలో అమ్మకాలు, కొనుగోళ్లు రెండూ చూసేవాడు మూడేళ్లలో ఎక్కువ ధైర్యంతో బయటికొస్తాడు.

వ్యాపార కుటుంబాల పిల్లల గురించి ఒక అపోహ ఉంది, వాళ్లకు ఉద్దేశం సహజంగానే ఎక్కువని. పూర్తిగా నిజం కాదు. గెస్ సమాచారం మీద జెల్‌వేగర్, సీగర్, హాల్టర్ 2011లో చేసిన విశ్లేషణలో, అలాంటి పిల్లలకు తమ సామర్థ్యం మీద నమ్మకం ఎక్కువ, కానీ ఫలితం తమ చేతుల్లో ఉంటుందన్న నమ్మకం తక్కువ అని తేలింది. కిరాణా కొట్టు నడిపేవారి అబ్బాయిని అడిగి చూడండి. కొట్టు నడపడం తనకు వచ్చు, పక్కన సూపర్ మార్కెట్ వస్తే ఏం చేయలేమనీ తెలుసు.

డబ్బు, చుట్టరికాల సంగతి దాచుకోవడం అనవసరం. గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఆనకట్టల నీళ్లతో మిగిలిన వ్యవసాయ ఆదాయమే రైసు మిల్లులకు, రవాణాకు, సినిమాలకు, తరవాత పరిశ్రమలకు మొదటి పెట్టుబడి అయింది. ఆ వలయంలో పుట్టిన పిల్లవాడికి మొదటి అప్పు ఇచ్చే బాబాయి, మొదటి ఆర్డరు ఇప్పించే మేనమామ ఉంటారు. ఏ చుట్టరికమూ లేని మొదటి తరం విద్యార్థికి అదే ఆలోచన ఉన్నా అదే నమ్మకం ఉండదు. ప్రభుత్వ పథకాలు ఈ లోటును కొంత పూడుస్తాయి. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం కింద తయారీ యూనిట్లకు 50 లక్షల వరకు, సేవా రంగానికి 20 లక్షల వరకు ప్రాజెక్టుకు 15 నుంచి 35 శాతం రాయితీ ఉంది, సొంత వాటా 5 లేదా 10 శాతం చాలు. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు 2016లో వచ్చిన స్టాండప్ ఇండియా రుణ పథకం 2025 వరకు ఉండేది. కానీ బ్యాంకు మేనేజరు ఎదురుగా కూర్చుని మాట్లాడటం రానివాడికి పథకం పేరు తెలిసి ఏం లాభం? పిల్లలను హైదరాబాద్‌లోని స్టార్టప్ కేంద్రం టీ-హబ్ చూడటానికి బస్సులో తీసుకెళతాం. మంచిదే. ఊళ్లోని బ్యాంకు శాఖకు, జిల్లా పరిశ్రమల కేంద్రానికి కూడా ఒకసారి నడిపించండి.

ఆడపిల్లల విషయంలో నమ్మకం పాత్ర ఇంకా పెద్దది. విల్సన్, కికుల్, మార్లినో 2007లో చూపించినదాని ప్రకారం, ఇలాంటి చదువు వల్ల ఆత్మవిశ్వాసంలో కలిగే మార్పు అమ్మాయిల్లో ఎక్కువ. కాబట్టి సీట్లు పరిమితమైతే వాళ్లకు ముందు ఇవ్వండి. వాళ్లకు ఆదర్శంగా ఎక్కడో ఉన్న పెద్ద కంపెనీ అధినేత్రిని చూపించనక్కర్లేదు. మీ విద్యార్థులను "మీ ఇంట్లో వ్యాపారం చేసేవాళ్లు ఉన్నారా?" అని అడగండి, చాలామంది లేరంటారు. ఆపై "మీ అమ్మ డ్వాక్రా సంఘంలో ఉన్నారా? అప్పు తీసుకున్నారా? ఆ డబ్బుతో ఏం చేశారు?" అని అడగండి. అప్పుడు బయటికొస్తాయి: రెండు గేదెలు, పాలకేంద్రానికి పాలు, కుట్టు మిషను, పచ్చళ్లు. బ్యాంకు అప్పు తీసుకుని, కిస్తులు కట్టి, మళ్లీ పెద్ద అప్పు తీసుకున్న మహిళ ఆ ఇంట్లోనే ఉంది. బిడ్డ దృష్టిలో అది వ్యాపారం కాదు. ఒక తరగతిలో నేను ఈ ప్రశ్న వేశాక ఒక అమ్మాయి, "మా అమ్మకు పాల లెక్క నేనే రాస్తాను సార్, కొవ్వు శాతాన్ని బట్టి రేటు వేస్తారు, ఒకసారి తప్పు వేస్తే వెళ్లి కొట్లాడాను" అంది. అప్పటిదాకా తనకు వ్యాపార అనుభవం లేదని రాసిచ్చిన అమ్మాయి.

ఇక ప్రశ్నావళి. "వ్యాపారం పెట్టడానికి ఏమైనా చేస్తాను" లాంటి వాక్యాలకు ఒకటి నుంచి ఏడు వరకు మార్కులు వేయించే పద్ధతి ప్రామాణికమే, వాడండి. కానీ దాంతో ఆగకండి. గత 12 నెలల్లో ఏదైనా అమ్మారా, ఎవరి దగ్గరైనా రేటు కనుక్కున్నారా, తెలియని మనిషికి ఫోను చేసి ఏదైనా అడిగారా అని చేసిన పనులను అడగండి. చదువు కాగానే ఏం చేస్తారు, ఐదేళ్లకు ఏం చేస్తారు అని రెండు వేర్వేరు ప్రశ్నలు పెట్టండి. నెలకు ఎంత జీతం వస్తే సొంత ఆలోచన వాయిదా వేస్తారో అంకె రాయించండి. విద్యారుణం ఉందా, ఇంట్లో తన జీతం మీద ఆధారపడేవాళ్లు ఎందరో తప్పక అడగండి. ఇవి లేకుండా "రిస్క్ తీసుకునే గుణం" కొలిస్తే మీరు కొలిచేది ఇంటి ఆర్థిక పరిస్థితిని.

సదస్సు హాల్లో సర్వే కాగితాలు పంచకండి. అక్కడికి వచ్చేవాళ్లు ముందే ఇష్టం ఉన్నవాళ్లు, లేదా హాజరు కోసం వచ్చినవాళ్లు. అందరూ ఉండే మామూలు తరగతి గంటలో ఇవ్వండి. వాక్యాలు తెలుగులోనూ ఉండాలి. ఇంగ్లిష్ వాక్యం పూర్తిగా అర్థంకాని పిల్లలు మధ్య అంకెకు సున్నా చుట్టేసి ఊరుకుంటారు. కారణాన్నీ ఫలితాన్నీ ఒకే కాగితం మీద, ఒకే పూట, ఒకే మనిషిని అడిగితే రెండింటి మధ్య సంబంధం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుందని కూడా గుర్తుంచుకోండి. అందుకే పనుల వివరాలు వేరే రోజు తీసుకోవడం మంచిది.

కాలేజీ వైపు నుంచి చేయదగినది ఒకటి మిగిలింది. విద్యాశాఖ 2019లో తెచ్చిన జాతీయ ఆవిష్కరణ, స్టార్టప్ విధానం ప్రకారం సంస్థ నడిపే విద్యార్థులకు హాజరు సడలింపు, చదువుకు విరామం వంటి వెసులుబాట్లు ఇవ్వవచ్చు. కొన్ని ఐఐటీల్లో ప్లేస్‌మెంట్ అవకాశాన్ని ఏడాదో రెండేళ్లో వాయిదా వేసుకుని, స్టార్టప్ నిలబడకపోతే వచ్చి మళ్లీ ఇంటర్వ్యూలకు కూర్చునే ఏర్పాటు ఉంది. మీ యాజమాన్యాన్ని మూడు కోట్ల భవనం అడగవద్దు, ఈ ఒక్క నిబంధన అడగండి. "నిలబడకపోతే వచ్చే ఏడాది మళ్లీ ప్లేస్‌మెంటుకు రావచ్చు" అని కాలేజీ సంతకంతో కాగితం ఉంటే, ఇంట్లో ఆ తండ్రితో మాట్లాడటానికి పిల్లవాడికి ఒక ఆధారం దొరుకుతుంది.

మొదటి విడత సర్వే జులైలో, కంపెనీలు రాకముందు చేయండి. రెండోది అవే రోల్ నంబర్లతో ఆఫర్లు వచ్చిన తరవాత జనవరిలో. పేర్లు తీసేసి, రెండు విడతల అంకెలు ఒక షీటులో పక్కపక్కన పెట్టి ఇక్కడే పోస్టు చేస్తే, ఎవరి ఉద్దేశం ఎక్కడ మారిందో కలిసి చూద్దాం. ముఖ్యంగా ఆఫర్ వచ్చాక కూడా "ఐదేళ్లకు" అన్న గడిలో జవాబు మారనివాళ్ల వరుసలు చూడాలని ఉంది.